సగం స్పీడులో నా గొంతు

మా అమ్మాయి పదో తరగతి. నేను లెక్కల మాస్టారిని. ఈ మాట వినగానే ఎవరైనా "ఇంకేమండీ, అదృష్టవంతురాలు" అంటారు. ఆ అదృష్టవంతురాలు నన్ను ఒక్క లెక్క కూడా అడగక దసరా సెలవుల నుంచి మూడు నెలలైంది. ఆ సంగతి గమనించడానికే నాకు రెండు నెలలు పట్టింది.

నేను అవనిగడ్డలో డీఎస్సీ కోచింగ్ చెబుతాను. ఇల్లు బందరులో. రోజూ పొద్దున బస్సెక్కి వెళ్లి, సాయంత్రానికి తిరిగి వస్తాను. నా ముందు కూర్చునేవాళ్లు చిన్నపిల్లలు కారు. పెళ్లయినవాళ్లు, చంటిబిడ్డను తల్లి దగ్గర వదిలి నందివాడ నుంచి, మొవ్వ నుంచి వచ్చి హాస్టల్లో ఉండేవాళ్లు. వాళ్లకు చెప్పడంలో నాకో పద్ధతి ఉండేది. లెక్క బోర్డు మీద రాసి, సుద్దముక్క బల్ల మీద పెట్టి, కిటికీ దగ్గరికి వెళ్లి వీధి వైపు తిరిగి నిలబడేవాడిని. ఎవరో ఒకరు "వచ్చిందండీ" అనో, "ఇక్కడ ఆగిపోయానండీ" అనో అనేదాకా వెనక్కి తిరిగేవాడిని కాదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకావిడ చెప్పింది, "మీరు చూస్తుంటే చెయ్యి వణుకుతుందండీ మాస్టారూ" అని. ఆ రోజు నుంచి అలవాటైంది. స్వతహాగా నాకు ఓపిక తక్కువ. ఉన్న కాస్త ఓపికా ఆ కిటికీ దగ్గరే ఖర్చయ్యేది.

తర్వాత మా కోచింగ్ సెంటరుకు యాప్ వచ్చింది. పాఠాలన్నీ వీడియోలయ్యాయి. ఒకరోజు మా యజమాని నన్ను పిలిచి కంప్యూటర్లో ఏదో గీత చూపించాడు.

"మాస్టారూ, జనం మిమ్మల్ని రెండింతల స్పీడులో పెట్టుకుని వింటున్నారండీ. మీరు కిటికీ దగ్గరికెళ్లారా, ఇక్కడ జారుకుంటున్నారు. గుడివాడ కోచింగ్‌లో లెక్కలు చెప్పే ఆయన్ని చూడండి, వడగళ్లు పడ్డట్టు చెప్తాడు."

చెప్పేవాడికి వినేవాడు లోకువ అని సామెత. యాప్ వచ్చాక వినేవాడికే చెప్పేవాడు లోకువైపోయాడు. నాకు ఒళ్లు మండింది. ఆ గుడివాడ ఆయన పాఠం ఎంత గొప్పగా ఉందో చూద్దామని బస్సులో పెట్టాను. తప్పులు వెతకడానికి మామూలు స్పీడులో మొదలుపెట్టి, విసుగొచ్చి ఒకటిన్నరకు పెంచాను. మోపిదేవి దాటేసరికి రెండు. ఏడుస్తూనే ఒప్పుకుంటున్నాను, హాయిగా ఉంది.

ఇక అక్కడి నుంచి నాకు ఏదీ మామూలు స్పీడులో ఆనలేదు. వార్తలు రెండు. చేపల పులుసు వీడియో రెండు. వెళ్లలేకపోయిన పెళ్లి వీడియో రెండులో పెడితే, అప్పగింతలప్పుడు ఆడవాళ్లందరూ టపటపా కళ్లు తుడుచుకుని చకచకా నవ్వేశారు. చల్లపల్లి స్టాండులో డ్రైవరు టీ తాగుతుంటే నా కాలు దానంతటదే ఆడేది. ఎవరైనా మాట మొదలుపెడితే చివరి సగం నేనే పూర్తిచేసేవాడిని. చర్చిలో పాస్టరుగారు ప్రార్థన చేస్తుంటే నా బొటనవేలు బైబిలు అట్ట మీద అటూ ఇటూ జరిగేది. మా ఆవిడ మోచేత్తో పొడిచి, "ఏంటండీ ఆ వేలు?" అంది. స్పీడు బటన్ కోసం వెతుకుతున్నానని ఎలా చెప్పను?

పాఠాల్లో కిటికీ తీసేశాను. లెక్క రాయడం, వెంటనే చేసెయ్యడం. పొరపాటున ఎక్కడైనా ఆగితే ఎడిటింగ్ చేసే అమ్మాయి కత్తిరించేది. యజమాని సంతోషించాడు. గీత పైకి లేచిందట.

దసరా సెలవుల్లో మా అమ్మాయి శ్రేఢుల లెక్క ఒకటి తెచ్చింది. దానికి ప్రశ్నను పైకి, నిదానంగా చదువుకునే అలవాటు. అది సగం చదివేసరికి మిగతా సగం నేనే చదివేశాను.

"మొదటి పదం ఎంత? ఊఁ. తర్వాత? తేడా ఎంత? కానీ, కానీ. ఇంతసేపా?"

అది పెన్సిల్ పట్టుకుని కాగితం వైపే చూస్తోంది. ఆ పెన్సిల్ దాని చేతిలోంచి లాక్కున్నాను. నాలుగు లైన్లలో లెక్క తేల్చి, "అర్థమైందా?" అన్నాను.

"అయింది డాడీ" అంది.

నేను నమ్మాను. ఇన్నేళ్లుగా ఎంతమంది నోట ఆ అబద్ధం విన్నానో లెక్కలేదు. క్లాసులో అయితే ముఖం చూసి పట్టేసేవాడిని. ఇంట్లో ముఖం చూసే తీరిక నాకెక్కడిది?

అర్ధ సంవత్సర పరీక్షల్లో అది లెక్కల్లో తప్పింది. ప్రోగ్రెస్ కార్డు మీద వాళ్లమ్మ చేత సంతకం పెట్టించుకుంది. నాకు రెండు రోజుల తర్వాత తెలిసింది. ట్యూషన్ పెట్టిద్దామంటే మా ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "లెక్కల మాస్టారి కూతురికి లెక్కల ట్యూషనా? నలుగురూ ఏమనుకుంటారో తర్వాత. ముందు అది మిమ్మల్ని ఎందుకు అడగట్లేదో కనుక్కోండి" అంది. పబ్లిక్ పరీక్షలు దగ్గరికొస్తున్నాయి. నన్ను అడగకపోతే అది తప్పుతుంది. గట్టిగా నిలదీస్తే అసలే అడగదు. ఏం చెయ్యాలో తోచక నాలుగైదు రోజులు కాలుగాలిన పిల్లిలా తిరిగాను.

ఆ శుక్రవారం తొందరగా ఇంటికొచ్చాను. మా ఆవిడ చర్చిలో స్త్రీల సమాజం మీటింగుకు వెళ్లింది. మెట్లెక్కుతుంటే లోపల నుంచి ఎవడో తాగుబోతు గొంతు వినిపించింది. మా తాతగారు బాప్తిస్మం తీసుకున్న నాటి నుంచి మా ఇంట్లో చుక్క మందు లేదు. పిల్ల ఒక్కతే ఉంది. చెప్పులతోనే తలుపు తోసుకుని లోపలికి వెళ్లాను.

"ఇ...ప్పు...డు... మొ...ద...టి... ప...దం..." అంటున్నాడు తాగుబోతు.

ఆ తాగుబోతు నేనే. మంచినీళ్ల సీసాకు ఆనించిన ఫోనులో, సగం స్పీడులో, నీళ్లలో చెయ్యాడించినట్టు బోర్డు మీద రాస్తున్నాను. నా లాగిన్‌తో మా కోచింగ్ యాప్ తెరిచి, శ్రేఢుల పాఠం పెట్టుకున్నట్టుంది. మా అమ్మాయి ఫోను వైపు వంగి కూర్చుంది, నన్ను చూడలేదు. ఒక లైను వింటుంది. వేలితో ఆపుతుంది. రాస్తుంది, చెరుపుతుంది. వెనక్కి జరిపి మళ్లీ వింటుంది. నా పాఠంలోంచి మేం కత్తిరించిన ఖాళీలన్నీ అది ఒక్కొక్కటే వేలితో తిరిగి పెట్టుకుంటోంది. సిగ్గేసింది.

నా నీడ పడి ఉలిక్కిపడింది. ఫోను బోర్లా పెట్టింది.

"నేను ఇంట్లోనే ఉన్నాను కదమ్మా. నన్నే అడగొచ్చు కదా?"

తల ఎత్తలేదు. "ఇందులో అయితే నువ్వు విసుక్కోవు డాడీ. ఆపితే ఆగుతావు."

సంజాయిషీ చెప్పబోయి, ఆ మాట కూడా గబగబా వచ్చేస్తుందని భయమేసి నోరు మూసుకున్నాను. చెప్పులు విడిచి వచ్చి, నోట్‌బుక్కులో ఒక లెక్క రాసి, పెన్సిల్ దాని చేతిలో పెట్టాను. కిటికీ దగ్గరికి వెళ్లి వీధి వైపు తిరిగి నిలబడ్డాను.

ఎదురింటి అరుగు మీద ఒకావిడ గిల్టు గొలుసులకు కొక్కేలు వేస్తోంది. ఒకటి వేసి, లాగి చూసుకుని, ఇంకొకటి తీసుకుంటోంది. ఆవిణ్ణి చూస్తుంటే కూడా నాకు ఓపిక నిలవడం లేదు. కాలు ఆడుతోంది. వెనక పెన్సిల్ చప్పుడు మొదలైంది. ఆగింది. రబ్బరు. మళ్లీ పెన్సిల్. ఎక్కడ తప్పుతోందో నాకు తెలుసు, అక్కడే తప్పుతుంది, ఒక్క మాట అంటే చాలు. కిటికీ ఊచను గట్టిగా పట్టుకున్నాను. ఆవిడ ఒక గొలుసు పూర్తిచేసి రెండోది మొదలుపెట్టింది.

"డాడీ, ఇక్కడ ఆగిపోయాను."

గిర్రున తిరగబోయాను.

"ఉండు. నేను అడగడం ఇంకా అవ్వలేదు."

ఊచ వదలకుండా, వీధి వైపే చూస్తూ, "అడుగమ్మా" అన్నాను.