పేపరు మీద ఇద్దరి పేర్లు

రాజమండ్రిలో ఒక కాలేజీలో జువాలజీ లెక్చరర్‌గా చేరిన కొత్తలో, తోటి లెక్చరర్ ఒకావిడతో కలిసి రొయ్యల చెరువుల్లో తెల్లమచ్చల రోగం మీద పరిశోధన చేశాను. పేపరు రాయడం పూర్తయ్యేసరికి ఆవిడ ఉద్యోగం మానేసి, సామర్లకోటలో అత్తవారింటికి వెళ్లిపోయారు.

మా డిపార్ట్‌మెంట్ హెడ్ నన్ను పిలిచారు. "ఆవిడ ఇప్పుడు మన కాలేజీలో లేరు కదండీ మాస్టారూ. ఆ పేరు తీసేసి నా పేరు పెట్టండి. జర్నల్ వాళ్లు తొందరగా వేసుకుంటారు," అన్నారు.

నా ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదు. అయినా అడిగేశాను.

"చెరువుల్లో దిగిందీ, మైక్రోస్కోపు ముందు కూర్చుందీ ఆవిడండి. రేపు ఎవరైనా ఇందులో తప్పుందంటే మీరు జవాబు చెబుతారా సార్?"

ఆయన బల్ల మీదున్న మా పేపరు రెండు పేజీలు తిప్పి చూసి, నాకు తిరిగిచ్చేశారు. "సరే, మీ ఇద్దరి పేర్లతోనే పంపండి," అన్నారు చివరికి.

జర్నల్ చేతికందిన రోజే బస్సెక్కి సామర్లకోట వెళ్లాను. ఆవిడ పేజీ తిప్పి, తన పేరు మీద వేలు పెట్టారు.

"నా పేరు ముందుందేంటండీ!"

"ఎక్కువ పని మీదే కదండీ."

ఆవిడ నవ్వుతూనే కళ్లు తుడుచుకున్నారు. వాళ్ల అత్తగారు ఆ జర్నల్ తీసుకుని వీధిలోకి వెళ్లి, "మా కోడలి పేరు అచ్చులో పడిందర్రా!" అని పక్కిళ్లవాళ్లందర్నీ కేకేశారు.