ప్రసన్నలక్ష్మి ఎక్కి దిగిన బండి

రాజమండ్రిలో బియ్యం హోల్‌సేల్ కొట్టు నడిపే రాజమౌళికి లోకం మొత్తం మీద నచ్చిన మరుగుదొడ్డి ఒక్కటే. అది ఆయనింట్లో పెరటివైపు ఉంది. ఇంకెక్కడ కూర్చోబెట్టినా ఆయన కడుపు మొండికేస్తుంది. ఆ కడుపు పుణ్యమా అని ఆయన భార్య ప్రసన్నలక్ష్మి పెళ్ళయిన నాటి నుంచి పొరుగూళ్ళో ఒక్క రాత్రి పూర్తిగా పడుకుని ఎరగదు.

కొత్త అల్లుడిగా అత్తారింటికి వెళ్ళినవాడు తెల్లవారీ వారకుండానే మొదటి బస్సెక్కి పారిపోయి వచ్చాడు. మర్యాదల్లో ఏం లోటు జరిగిందో తెలియక మామగారు చాలాకాలం కుమిలిపోయాడు. తర్వాత రాజమౌళి విజయవాడలో కూతురి పెళ్ళి చేసి, అప్పగింతలు కాకుండానే భార్యను లాక్కుని కారెక్కేశాడు. పిల్లను పంపించడం చూడలేకపోయాడు పాపం అని చుట్టాలంతా కళ్ళొత్తుకున్నారు. అసలు సంగతి తెలిసిన ప్రసన్నలక్ష్మికి మాత్రం ఏడుపూ కోపమూ కలిసే వచ్చాయి.

ఆమెకు పూరీ చూడాలని ఉంది. పెద్దమ్మ కూతురు కన్యకాపరమేశ్వరి భజన బృందంతో ఏటా ఎక్కడికో ఒకచోటికి వెళ్తూ ఉంటుంది. ఈసారి పూరీకే. "ఒక బెర్తు ఖాళీగా ఉందే, సాయంత్రం బండికే ప్రయాణం, వచ్చెయ్" అని పొద్దున్నే ఫోన్ చేసింది.

"వద్దులే అక్కా. మా ఆయన క్యారవాన్ కొంటున్నారు. ఇకనుంచి ఇద్దరం అందులోనే తిరుగుతాం" అంది ప్రసన్నలక్ష్మి. ఆ మాట అంటున్నప్పుడు ఆమె గొంతులో గర్వం దాగలేదు.

ఆ మాట అబద్ధమేమీ కాదు. సినిమావాళ్ళు వాడే క్యారవాన్‌లో సొంత బాత్రూం ఉంటుందని రాజమౌళి ఫోన్‌లో చూశాడు. వెంటనే కంపెనీవాళ్ళకు కబురు చేశాడు. కాకపోతే బియ్యం వ్యాపారి కదా, బస్తాలో గొట్టం గుచ్చి మచ్చు తీసి, నలిపి, వాసన చూసి, నోట్లో వేసుకుంటే గాని బేరానికి దిగడు. ఈ బండికీ మచ్చు చూడాల్సిందేనన్నాడు. సామర్లకోట భీమేశ్వరస్వామి దర్శనం దాకా వెళ్ళి రావాలని, దారిలో అసలు పరీక్ష జరగాలని నిర్ణయించాడు. ఆ పరీక్ష కోసం పొద్దున ఇంట్లో జరగాల్సిన కార్యక్రమాన్ని వాయిదా వేసుకుని మరీ బయల్దేరాడు.

కంపెనీ తరఫున వచ్చిన యుగంధర్ అనే కుర్రాడు బండంతా తిప్పి చూపించాడు. పరుపైపోయే సోఫా, ఏసీ, టీవీ, గ్యాస్ పొయ్యి, సింకు, ఫ్రిజ్, చివరికి బట్టలుతికే మెషిన్ కూడా ఉంది. రాజమౌళి చెక్కను వేలితో కొట్టి చూశాడు. పరుపును గిల్లి, అలవాటు కొద్దీ వాసన చూశాడు. ధర కోటి దాటుతుందని విన్నప్పుడు మాత్రం కొంచెంసేపు టీవీ కేసి చూస్తూ ఉండిపోయాడు, అది ఆపేసి ఉన్నా.

కడియం నర్సరీల దగ్గరకొచ్చేసరికి ఆయన ముఖం రంగు మారింది. "ఆపు! అందరూ దిగండి!" అన్నాడు. డ్రైవరు, యుగంధర్, ప్రసన్నలక్ష్మి దిగి రోడ్డు పక్కన నిలబడ్డారు. లారీలోకి మందార మొక్కలు ఎక్కిస్తున్న ఆడకూలీ ఒకామె తట్ట పక్కన పెట్టి పరుగున వచ్చింది.

"షూటింగాండీ? లోపల హీరో ఎవరండీ?"

"మా ఆయనండి" అంది ప్రసన్నలక్ష్మి.

"బయటికెప్పుడొస్తారండీ?"

"అది ఆయన చేతుల్లో లేదండి."

ఆ మొక్కలు ఎక్కడికి వెళ్తున్నాయని అడిగితే జైపూరుకని చెప్పింది కూలీ. మందార మొక్కకున్న రాత కూడా తనకు లేకపోయిందని ప్రసన్నలక్ష్మికి ఒళ్ళు మండింది. తెలిసిన దేవుళ్ళందరికీ దణ్ణం పెట్టుకుంది. మొగుడి విరేచనం కోసం ముక్కోటి దేవతలకు మొక్కాల్సి వచ్చినందుకు సిగ్గూ వేసింది.

తలుపు తెరుచుకుంది. రాజమౌళి ముఖం వెలిగిపోతోంది.

"ప్రసన్నం! అయింది! అచ్చం మనింట్లో అయినట్టే అయింది! కాశీ, రామేశ్వరం, పూరీ, ఎక్కడికంటే అక్కడికి పోదాం!"

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఈసారి నిజంగా సంతోషంతోనే.

బండి కదిలాక రాజమౌళికి వ్యాపారి బుద్ధి మేలుకుంది. "ఇంతకీ లోపలిది ఎక్కడికి పోతుందయ్యా?" అని అడిగాడు.

"కింద డబ్బాలోకండి. రెండ్రోజులకోసారి తీసి, పారబోసి, కడుక్కోవాలండి. చాలా ఈజీ సార్."

"ఎవరు?"

రాజమౌళి భార్య వైపు చూశాడు. అందులో మొహమాటమేమీ లేదు. తువ్వాలు ఎక్కడుందని అడిగేటప్పుడు చూసే మామూలు చూపే. "ఇంకేం మరి, వంటకి పొయ్యి కూడా ఉంది. హోటల్ తిండి తప్పింది మనకి" అన్నాడు ఉత్సాహంగా.

ప్రసన్నలక్ష్మి పొయ్యి చూసింది, సింకు చూసింది, మెషిన్ చూసింది. కాశీలోనూ పొద్దున్నే ఆ పొయ్యి ముందే నిలబడాలి. రామేశ్వరంలోనూ ఆ సింకులోనే గిన్నెలు తోమాలి. పూరీలో స్వామి దర్శనానికి ముందు ఆ డబ్బా కడగాలి. ఆమె సంతోషమంతా ఒక్కసారిగా చప్పబడిపోయింది. దాని చోట పుట్టిన కోపం సామర్లకోట చేరినా చల్లారలేదు.

స్వామి దర్శనం చేసుకుని గుళ్ళోంచి బయటికొస్తూ అక్కకు ఫోన్ చేసింది. "ఆ బెర్తు ఉందా అక్కా? సామర్లకోటలో ఎక్కుతాను. చీరలు నీవే కట్టుకుంటాను."

స్టేషన్ ముందు బండి ఆపించి, అక్కతో పూరీ వెళ్తున్నానని చెప్పి దిగింది. రాజమౌళికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక గాభరా పడిపోయాడు.

"మరి నా భోజనం?"

"పొయ్యి ఉంది కదండీ."

ఆయన కిందకు దిగబోయి, మెట్టు మీదే ఆగిపోయాడు. భార్య మీద ఆయనకు ప్రేమ లేదని ఎవరూ అనలేరు. తనకు తెలిసిన కష్టాలన్నిట్లోకీ పెద్దది ఆమెకు రాకూడదని నిజంగానే కంగారు పడ్డాడు.

"రాత్రంతా రైలే! ఆ ఊళ్ళో సత్రాలు, ఆ బాత్రూములు... ఎలాగే నీకు?"

పెళ్ళయిన ఇన్నేళ్ళకు ఆయన ఆమె సంగతి అడిగాడు. ప్రసన్నలక్ష్మికి జాలీ, నవ్వూ కలిసి వచ్చాయి.

"నాకెక్కడైనా అవుతుందండీ" అని స్టేషన్లోకి నడిచింది.