మొన్న అంటే ఏ తేదీ?

ఆ ఆఫీసులో మెయిల్ సర్వర్ చూసే పెద్దమనిషికి తెలుగు భాష మొత్తంలో ఒక్క మాట గిట్టదు. అది 'మొన్న'. మొహం మీద తిట్టినా నవ్వి ఊరుకుంటాడు గానీ, ఎదుటివాడి నోట 'మొన్న' అని వచ్చిందా, ఒంటికాలి మీద లేస్తాడు. అందుకే అందరూ చాటుగా ఆయన్ని 'క్యాలెండర్ గారు' అంటారు. ఎదురుగా అనే ధైర్యం ఎవరికీ లేదు. ఆయనతో అవసరం ఎప్పుడు పడుతుందో చెప్పలేం కదా!

పోయిన మెయిళ్లు తెచ్చిపెట్టడం ఆయన పని. రోజూ సాయంత్రం ఆఫీసు మూసేవేళ అందరి మెయిల్‌బాక్సులకీ ఓ నకలు తీసి దాస్తాడు. ఎవరైనా మెయిల్ పోగొట్టుకుంటే, అది ఉన్నప్పటి నకలు బయటికి తీసి, విడిగా తెరిచి, కావలసిన ఒక్కదాన్నీ ఏరి వెనక్కి పెడతాడు. అంచేత ఏ రోజుదో తెలియాలి. మన జనానికా, నిన్న కానిదంతా మొన్నే.

ఓసారి అమ్మకాల సెక్షన్ ఆయన వచ్చి, "మొన్నొచ్చిన మెయిల్ ఒకటి కావాలండీ" అన్నాడు.

"మొన్నంటే?"

"మొన్నేనండీ. మొన్నీమధ్య."

వెతగ్గా వెతగ్గా అది మూడేళ్ల కిందటిదని తేలింది. "మీ మొన్నకి బళ్లో వేసే ఈడొచ్చిందండీ, తీసుకెళ్లి చేర్పించండి" అన్నాడు క్యాలెండర్ గారు. అమ్మకాలాయన మళ్లీ నెల్లాళ్లు ఆ వరండా ఛాయలకి రాలేదు.

పోనీ, ఇంట్లోనైనా తగ్గుతాడా? భార్య ఓ సాయంత్రం ముచ్చటపడి, "మన పెళ్లి మొన్ననే అయినట్టుందండీ" అందట. "ఇరవై రెండేళ్ల అయిదు నెలల పదకొండు రోజులు" అన్నాడట ఈ మహానుభావుడు. ఆవిడ రెండు రోజులు మాట్లాడలేదు. అవి ఏ రెండు రోజులో కూడా బావగారు రాసిపెట్టుకున్నారని ఆవిడ తమ్ముడు ఆఫీసుకొచ్చినప్పుడల్లా అందరికీ చెప్పి నవ్వుతుంటాడు.

స్టోర్స్ చూసే ఆవిడకి ఈ మనిషంటే ఒళ్లుమంట. "తేదీ కావాలంటే తేదీ అడగాలి. ఆ పుల్లవిరుపు మాటలేంటి? మెయిళ్లు తెమ్మని పెట్టారా, మనుషుల్ని ఏడిపించమని పెట్టారా?" అని భోజనాల దగ్గర దులిపేసేది. జన్మలో ఆయన గడప తొక్కకూడదనుకుంది. తొక్కక తప్పలేదు.

ఆవేళ పొద్దున్నే ఛైర్మన్ గారికి వాళ్ల నాన్నగారు గుర్తొచ్చారు. నాన్నగారు కంపెనీ మొదలుపెట్టినప్పుడు కూర్చున్న కుర్చీ తెచ్చి తన గదిలో వేయమన్నారు. స్టోర్స్‌లో కుర్చీ లేదు. తుక్కుకొట్టుకి తరలి చాలా రోజులైంది. తరలించమన్నది మేనేజరే. "ఆ డొక్కు కుర్చీ కూడా తోలెయ్యండి" అని మెయిల్ పెట్టి మరీ చెప్పాడు. ఇప్పుడు అదే మేనేజరు గుడ్లురిమి, "నేనెప్పుడు చెప్పానమ్మా?" అన్నాడు. మెయిల్ చూపిద్దామంటే అదీ లేదు. మెయిల్‌బాక్స్ నిండిందని రోజూ హెచ్చరిక వస్తుంటే విసుగెత్తి, కిందటివారం ఆవిడే పాతవన్నీ ఊడ్చిపారేసింది. శుభ్రం మనిషి కనక చెత్తబుట్ట కూడా ఖాళీ చేసింది. మేనేజరు తన దగ్గరి కాపీని ఈపాటికి మాయం చేసే ఉంటాడు. పన్నెండింటికి ఛైర్మన్ గదిలో విచారణ. మెయిల్ చూపించకపోతే ఉద్యోగం ఊడినట్టే.

పదకొండింటికి సర్వర్ గదికి ఫోన్ చేసింది. "సార్... మేనేజర్ గారు నాకు పంపిన మెయిల్... కుర్చీ గురించి... మొన్న..." అంటూండగానే ఏడ్చేసింది.

"పైకి రండి" అని ఠక్కున పెట్టేశాడాయన.

కళ్లు తుడుచుకుంటూ రెండంతస్తులు ఎక్కింది. లోపల చలి, యంత్రాల రొద. క్యాలెండర్ గారు స్వెట్టరు వేసుకుని, కంప్యూటర్ తెర తనవైపే తిప్పుకుని కూర్చున్నాడు.

"మొన్నంటే ఏ తేదీ?" అన్నాడు తలెత్తకుండా.

"గుర్తులేదు సార్."

"పోనీ, ఏ వారం?"

"బుధవారమేమో..."

"ఏమో అనే వారం లేదమ్మా. ఉన్నవి ఏడే."

"బుధవారం సార్."

"ఆ రోజు గొడుగు తెచ్చుకున్నారా?"

"తెచ్చుకున్నాను. వాన పడింది."

"అయితే బుధవారం కాదు. బుధవారం ఎండ. ఆ కుర్చీకి కాళ్లెన్ని?"

"మూడున్నర."

"చూశారా, కుర్చీ కాళ్లు సగంతో సహా గుర్తున్నాయి. తేదీ మాత్రం గుర్తులేదు. మెయిళ్లు ఊడ్చిందెవరు?"

"నేనే."

"చీపురుతోనా?"

ఆవిడ కళ్లల్లో నీళ్లు ఎప్పుడు ఇంకిపోయాయో ఆవిడకే తెలియదు. చెవులు వేడెక్కాయి. అరగంట దాటినా ఆయన మీట నొక్కిన పాపాన పోలేదు. మధ్యాహ్నం ఏం తిన్నారు, లిఫ్ట్‌లో ఎవరు కనిపించారు, ఆ రోజు చెప్పులా బూట్లా అంటూ సాగదీస్తూనే ఉన్నాడు. చివరికి ఆవిడ లేచి నిలబడింది.

"పన్నెండింటికి నా ఉద్యోగం పోతుంటే మీకు వేళాకోళంగా ఉందా? అసలు మీకు మనసనేది ఉందా? మీలాంటి మనిషితో ఆ తల్లి ఇరవై రెండేళ్లుగా ఎలా వేగుతోందో గానీ..."

"ఇరవై రెండేళ్ల అయిదు..."

"నోర్ముయ్యండి!"

అంతలో కంప్యూటర్ టింగుమంది. ఆయన తెరను ఆవిడవైపు తిప్పాడు. "వచ్చింది. చూసుకోండి."

డొక్కు కుర్చీ, తోలెయ్యండి, కింద మేనేజరు పేరు, అన్నీ ఉన్నాయి. ఆ పక్కనే, పని మొదలైన సమయం పదకొండూ రెండు అని కూడా ఉంది. ఆవిడ గోడ గడియారం చూసింది. పదకొండూ నలభై అయిదు. తను ఈ గదిలోకి వచ్చిందే పదకొండూ అయిదుకి.

"నేను రాకముందే మొదలుపెట్టారా? మరి తేదీ?"

"ఎవరు ఎవరికి ఎప్పుడు పంపారో సర్వర్ చిట్టాలో ఉంటుంది. ఫోన్ పెట్టేయగానే చూశాను. పోయిన నెల పదో తేదీ, సోమవారం."

"తెలిసి కూడా నన్నింతసేపు కాల్చుకుతిన్నారా!"

"నకలు తెరుచుకోడానికి నలభై నిమిషాలు పడుతుంది. ఊరికే కూర్చోబెడితే మీరంతా ఏడుస్తారు. నాకు ఏడుపులు చూడ్డం చేతకాదు. కోపం వస్తే ఎవరూ ఏడవరు." కాగితం ప్రింటు తీసి చేతికిచ్చాడు. "ఇదే కోపంతో వెళ్లండి. ఏడుపు మొహంతో వెళ్తే ఆ మేనేజరు నమిలేస్తాడు."

ఆవిడ అదే కోపంతో వెళ్లింది. కాగితం బల్లమీద పెట్టి, నడుం నిటారుగా నిలబడి, జరిగినదంతా గడగడా చెప్పేసింది. మేనేజరు మొహంలో నెత్తుటిచుక్క లేదు. కుర్చీ నువ్వే వెళ్లి తీసుకురా అని మేనేజరుతోనే అన్నారు ఛైర్మన్ గారు. తుక్కుకొట్టువాడు ఆ కుర్చీలోనే తీరిగ్గా కూర్చుని ఉన్నాడట. వాణ్ని బతిమాలి లేపేసరికి మేనేజరుకి తలప్రాణం తోకకొచ్చిందట.

మర్నాడు ఆవిడ థాంక్స్ చెబుదామని పైకి వెళ్లింది. తలుపు సందులోంచి చూస్తే, లోపల రవాణా సెక్షన్ పెద్దాయన కూర్చుని ఉన్నాడు. మరీ మెత్తటి మనిషి. క్యాలెండర్ గారు ఎంత వెటకారం చేసినా, "తప్పు నాదేనండీ, క్షమించండి" అంటున్నాడే తప్ప కోపం రావడం లేదు. పెదవులు వణుకుతున్నాయి. క్యాలెండర్ గారి నుదుటి మీద, ఆ చలిలో, చెమట పట్టింది.

ఆవిడ తలుపు తోసుకుని లోపలికి వెళ్లింది.

"ఏంటన్నయ్యా, అలా పడుంటారేంటి? ఈయన మనిషి కాదు, బండరాయి. నిన్న నన్ను ముప్పావుగంట ఏడిపించాడు. మీరూ మాట పడి ఊరుకుంటారా?"

పెద్దాయన నెమ్మదిగా తలెత్తాడు. "అంతేనంటావా అమ్మా?"

"ముమ్మాటికీ అంతే. గట్టిగా అడగండి."

ఆయన కుర్చీ వెనక్కి తోసి లేచాడు. "అవునండీ, అసలు మీకింత పొగరేంటి?" అని మొదలుపెట్టాడు. క్యాలెండర్ గారు హాయిగా ఊపిరి పీల్చుకుని వెనక్కి వాలాడు.

ఆవిడ తలుపు దగ్గరగా వేసి వచ్చేసింది. సగం మెట్లు దిగాక, థాంక్స్ చెప్పనేలేదని గుర్తొచ్చింది. వెనక్కి వెళ్లలేదు. పైనుంచి పెద్దాయన కేకలు బాగానే వినిపిస్తున్నాయి.