అక్క ఎడమ చెంప

మా బావకి ఫోటోల పిచ్చి పెళ్లయిన కొత్తలోనే పట్టుకుంది. చేసేది బస్టాండులో టికెట్లిచ్చే ఉద్యోగం, చేతిలో ఎవరో వాడి వదిలేసిన కెమెరా. వెలుగు ఎలా పడుతుందో నేర్చుకోవడానికి కిటికీ దగ్గర కోడిగుడ్డు పెట్టి గంటల తరబడి ఫోటోలు తీసేవాడు. "ఆ గుడ్డు ఇటిస్తే కూర వండుకుంటాం" అని వంటింట్లోంచి మా అక్క అరిచేది. బావ వినిపించుకుంటేగా! నిజం చెప్పాలంటే, అప్పట్లో అతను తీసిన ఫోటోలు చూస్తే నాలాంటి మొద్దుకి కూడా ప్రాణం లేచివచ్చేది.

అక్క మాత్రం అతని కెమెరాకి చిక్కలేదు. ఆమె ఎడమ చెంప మీద పెద్ద పుట్టుమచ్చ ఉండేది. చిన్నప్పటి వెక్కిరింతలు మనసులో ఉండిపోయి, కెమెరా కనబడితే చాలు, మొహం తిప్పేసేది. పెళ్లి ఫోటోల్లో కూడా కుడి చెంపే.

ఇరుగుపొరుగువాళ్లకి ఊరికే ఫోటోలు తీసిపెడుతూ పెడుతూ, బావ చివరికి ఉద్యోగం మానేసి స్టూడియో పెట్టాడు. పేరొచ్చింది. పేరుతోపాటే నీరసమూ వచ్చింది. "కాస్త తెల్లగా చెయ్యండి", "ఈ మచ్చ తీసెయ్యండి", "బుగ్గలు తగ్గించండి" అని ఒకటే గోల. పొద్దంతా తల ఎత్తకుండా కంప్యూటర్లో మొహాలు తుడుస్తూ కూర్చునేవాడు. పాత సరదాలు గుర్తుచేస్తే, "ఇప్పుడా ఓపిక ఎక్కడిదిరా" అని కళ్లు నులుముకునేవాడు.

మొన్న అక్క పుట్టుమచ్చ పెరుగుతోందని, తీసెయ్యాలని డాక్టరు చెప్పాడు. ఆపరేషన్‌కి ముందురోజు అక్క నన్ను వెంటబెట్టుకుని స్టూడియోకి వచ్చింది. స్టూలు మీద కూర్చుని, మొదటిసారి ఎడమ చెంప కెమెరా వైపు తిప్పింది.

"ఒక్క ఫోటో తియ్యండి. ఇన్నేళ్లూ దాచుకున్నాను. రేపట్నుంచి ఉండదుగా, పాపం" అంది.

"గడ్డం కొంచెం కిందికి. కదలకు" అన్నాడు బావ. తీశాడు. బయట పెళ్లివాళ్లు తొందర పెడుతున్నారు.

మర్నాడు ఆపరేషన్ అయ్యాక, చెంప మీద కట్టుతో అక్క నేరుగా స్టూడియోకే నడిచింది. "ఏదీ, చూపించండి" అంది. బావ ఫోటో తెరిచాడు. అక్క చెంప నున్నగా ఉంది. మచ్చ లేదు.

అందరి మచ్చలతోపాటు దాన్నీ బావ అలవాటుగా తుడిచేశాడు. అసలు ఫోటో మీదే సేవ్ చేసేశాడు. పెళ్లి పని కోసం కెమెరా కార్డు కూడా ఖాళీ చేసేశాడు.

"డాక్టరు కంటే ముందు మీరే తీసేశారన్నమాట" అంది అక్క. నవ్వబోయింది గానీ కట్టు లాగినట్టుంది, ఆగిపోయింది.

బావని నాలుగు దులిపేద్దామనిపించింది నాకు. అతని మొహం చూశాక ఆ కోపం దిగిపోయింది.

"ఉండు, మళ్లీ పెడతాను. నాకు తెలియదా ఏంటి" అంటూ బావ మౌస్ పట్టుకున్నాడు. కంటి కింద చుక్క పెట్టాడు. చెరిపేశాడు. పెదవి పక్కన పెట్టాడు. అదీ చెరిపేశాడు. "ఇక్కడే కదరా?" అని నా వైపు చూశాడు.

నేను అక్క వైపు చూశాను. అక్క అతని చెయ్యి మౌస్ మీంచి తీసి, ఆ వేలిని మెల్లగా తన కట్టుకి ఆనించుకుంది.

"ఇక్కడ" అంది.