చివరి పాదం తిరిగి చెప్పేవాళ్ళు

నేను నోరు మూసుకొని చదవలేను. మూడో తరగతితో నా బడి మానిపించారు. ఆ మూడేళ్ళలో నేర్చుకున్న అక్షరాలు నోటితో పలికితేనే నాకు లొంగుతాయి. కళ్ళతో ఊరికే చూస్తే చీమల బారులాగా పేజీ మీద వాటి దారిన అవి పోతాయి. కరెంటు బిల్లయినా, మందుల చీటీ అయినా, పద్యమైనా పైకి చదవాల్సిందే. అందుకే ప్రొద్దుటూరులో మా వీధివాళ్ళకు నా ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఉన్నట్టు అనిపిస్తుంది. పక్క వాటాలోకి కొత్తగా వచ్చిన అమ్మాయి ఒకరోజు గడప దగ్గర నిలబడి అడిగింది.

"ఎవురొచ్చినారవ్వా? పొద్దన్నుంచి మాట్లాడతానే ఉండావు."

ఎవరూ రాలేదని చెప్పాను. ఆ పిల్ల లోపలికి తొంగి చూసి వెళ్ళిపోయింది. పిచ్చిదనుకుందేమో. అనుకోనీ.

మా ఆయన పోయి నాలుగేళ్ళయింది. కూతురు కమలాపురంలో ఉంది. వచ్చి ఉండమని పిలుస్తుంది, పిలవదని అనను. కానీ ఇంకొకరి వంటింట్లో గిన్నె ఎక్కడ బోర్లించాలో అడిగి బతకడం నాకు చేతకాదు. టీవీ చెడిపోతే బాగు చేయించలేదు. మధ్యాహ్నం మూడు గంటలకు ఎండ వాకిట్లోకి వాలుతుంది. లైటు వేసే పని లేకుండా గడప మీద కూర్చొని పద్యాల పుస్తకం తీస్తాను. రోజుకు రెండే పద్యాలు. మూడోది చదవను. బెల్లం డబ్బాలో చెయ్యి పెట్టినట్టు ఇష్టమొచ్చినంత చదివితే పుస్తకం నాలుగు రోజుల్లో అయిపోతుంది. ఆ తర్వాత నేనేం చేయాలి?

ఆ పుస్తకానికి అట్ట లేదు. మొదటి పేజీలూ లేవు. రాసినాయన ఎవరో నాకు తెలియదు. నా చిన్నప్పుడు జమ్మలమడుగు అంగడిలో పొట్లాలు కట్టేందుకు పెట్టుకున్న పాత కాగితాల కట్టలో అది మా నాయన కంట పడింది. అంగడాయన ఇంకో నాలుగు పేజీలు చించకముందే అడిగి తెచ్చాడు. బడి మానిపించింది కూడా ఆయనే. ఆ బాధకు మందులాగా తెచ్చాడో, ఊరికే దొరికిందని తెచ్చాడో, ఎప్పుడూ చెప్పలేదు, నేనూ అడగలేదు. అత్తగారింటికి వచ్చేటప్పుడు దాన్ని చీరల మడతల్లో పెట్టుకొని వచ్చాను.

అందులో ఒక పేజీని మాత్రం నేను చాలా ఏళ్ళు చదవకుండా దాటేశాను. ఆ పేజీ వచ్చిన రోజు కళ్ళు మంటగా ఉన్నాయనో, పొయ్యి మీద పాలున్నాయనో ఏదో ఒక వంక దొరికేది. ఆ సంగతి రాయడానికే ఇదంతా.

మా అత్తగారి ఊరు జమ్మలమడుగు దగ్గర, ఎర్ర నేలలు. తొలకరికి ముందు విత్తనానికి వేరుశనక్కాయలు ఒలిచే పని ఇంట్లోనే జరిగేది. కాయల మీద కాసిని నీళ్ళు చిలకరించి, మెత్తబడినాక వసారాలో కుప్ప పోసేవాళ్ళం. ఊళ్ళో ఆడవాళ్ళు పది మంది వరకు చుట్టూ కూర్చొని చేటల్లో ఒలిచేవాళ్ళు. విత్తనపు గింజ నోట్లో వేసుకోకూడదు. అది భూమి తినాల్సిన గింజ. కానీ పచ్చి గింజ చేతిలో ఉంటే నోరు ఊరుకుంటుందా? ప్రతి ఇంట్లోనూ ఒక ముసలామె కాపలా కూర్చొని అరుస్తూ ఉండేది. మా అత్త అరవలేదు. ఆమెకు నా చదువు గుర్తొచ్చింది. నన్ను గడప మీద కూర్చోబెట్టి పద్యాలు చదవమనింది. ప్రతి పద్యం అయినాక దాని చివరి పాదాన్ని అందరూ కలిసి తిరిగి చెప్పాలి. అదీ ఆమె పెట్టిన కట్టడి. పాడే నోరు తినదు అనేది మా అత్త. పద్యమంటే ఆమెకు అంతవరకే. కానీ నాలుగైదు రోజులు గడిచేసరికి ఆ ఆడవాళ్ళే, నిన్నటి పద్యం ఇంకోసారి చదవమని అడిగేవాళ్ళు.

చదివేదాన్ని కాబట్టి నాకు ఒలిచే పని తప్పింది. నా వంతు చేటను నా తోడికోడలు ఒలిచేది. నాకన్నా చిన్నది, అక్షరం రాదు. సాయంత్రానికి ఆమె బొటనవేలి గోరు పక్కన చర్మం చీలిపోయేది. అయినా అందరికన్నా ముందు ఆమె గొంతే లేచేది. చివరి పాదాన్ని ఆమె తిరిగి చెబుతుంటే, నేను చదివినదానికన్నా అది బాగుందని నాకు అనిపించేది. అది నాకు నచ్చేది కాదు. ఇప్పుడు రాస్తున్నాను కాబట్టి అది కూడా రాయాలి.

ఒక ఏడు ఆ పనుల్లో ఒక పద్యం చదివాను. ఎండిన బావిలోకి ఒకామె చేద దించుతుంది, నీళ్ళు రావు. అమ్మ పోయిన తర్వాత పుట్టింటికి పోవడం కూడా అంతేనని అంటుంది. చివరి పాదం ఇది:

చేద దించిన చప్పుడే చేరె పైకి.

అందరూ తిరిగి చెప్పారు. తోడికోడలి గొంతు మాత్రం లేదు. తల వంచుకొని, పెదాలు బిగబట్టి ఉంది. దవడ కదులుతోంది. నేను పుస్తకం మూశాను.

"నోరు తెరువు, సూద్దాం" అన్నాను, అంతమంది ముందర.

ఆమె నా వైపు చూసి తెరిచింది. ఏమీ లేదు. గింజ లేదు, పొట్టు కూడా లేదు. కళ్ళనుంచి నీళ్ళు మాత్రం కారి తెరిచిన నోట్లోకి పోతున్నాయి. వాళ్ళమ్మ పోయి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు. నాకు తెలియనిదా? ఆ దినానికి పోయి అన్నం తిని వచ్చినదాన్నే. అప్పుడైనా నా నోరు ఊరుకోలేదు.

"తప్పు లేకుంటే ఏడ్సేదెందుకు?" అన్నాను.

పొద్దు పోతోందని, చదవమని మా అత్త అంది. నేను తర్వాతి పద్యం చదివాను. చివరి పాదాన్ని అందరూ తిరిగి చెప్పారు, ఆమె తప్ప. ఆ రోజు నుంచి మళ్ళీ ఎప్పుడూ చెప్పలేదు. నా వంతు చేటను మాత్రం ఒక్క గింజ మిగలకుండా ఒలిచి నా ముందు పెట్టేది.

ఆ తర్వాత అన్నదమ్ములు వేరు పడ్డారు. మా ఆయనకు ప్రొద్దుటూరులో పత్తి మిల్లు పని దొరికింది. తోడికోడలు వాళ్ళు పులివెందులకు పోయారు. పెళ్ళిళ్ళలో కనబడితే బాగున్నావా అక్కా అంటుంది, బాగున్నా అంటాను. ఆమె వడ్డిస్తే తింటాను. నలభై ఏళ్ళు అట్లా గడిచిపోయాయి. తప్పు నాదని తెలియక కాదు. పెద్దదాన్ని, వంగితే చులకనవుతానని అనుకున్నాను. పులివెందుల పోయి రావాలంటే టికెట్టు దండగ అని కూడా అనుకున్నాను. ఆ మాటను మా ఆయనతో చాలాసార్లు అన్నాను.

ఆయనకు పద్యాలు పట్టవు. అయినా మంచం మీద పడుకొని, నేను ఆపిన చోటల్లా "ఊ" అనేవాడు. విన్నాడో లేదో దేవుడికి తెలియాలి. ఆయన పోయాక ఆ "ఊ" కూడా లేదు. చివరి పాదం చదివి ఆగుతాను. పాత అలవాటు, ఎవరో తిరిగి చెబుతారని చెవి ఎదురుచూస్తుంది. వీధిలో ఆటో పోతుంది. కుళాయి కారుతూ ఉంటే లేచి కట్టేస్తాను.

పోయిన వానాకాలంలో ఒక మధ్యాహ్నం ఆ పేజీ వచ్చింది. పొద్దున వాన పడి వెలిసింది, వెలుతురు కడిగినట్టు ఉంది. కళ్ళు మండడం లేదు. పొయ్యి మీద ఏమీ లేదు. వంక దొరకలేదు. చదివాను. మూడు పాదాలు బాగానే వచ్చాయి. నాలుగో పాదం దగ్గర నా గొంతు ఆగిపోయింది. పెదాలు బిగుసుకున్నాయి, దవడ వణికింది. ఎవరైనా ఎదురుగా ఉంటే, నోట్లో ఏదో పెట్టుకుందనే అనుకుంటారు. చేత్తో నా నోరు నేనే తడుముకున్నాను. ఖాళీగా ఉంది.

ఆ రోజు రెండో పద్యం చదవలేదు.

పోవాలని అనుకున్నాను. అనుకున్నాక పది రోజులు పోలేదు. అంతలో ఆడవాళ్ళకు బస్సులో టికెట్టుకు డబ్బులు తీసుకోరని, ఆధార్ కార్డు చూపిస్తే చాలని పక్క వాటా పిల్ల చెప్పింది. ఇన్నేళ్ళు దాచుకున్న సాకు కూడా పోయింది. పుస్తకాన్ని పాత తువ్వాలులో చుట్టి, చిన్న సంచిలో ఒలవని వేరుశనక్కాయలు పోసుకొని బయలుదేరాను. జమ్మలమడుగులో దిగి పులివెందుల బస్సు ఎక్కాను. దారంతా ఏం చెప్పాలో లోపల్లోపల కూర్చుకుందామని చూశాను. లోపల ఏదీ నిలవలేదు. పైకి అంటే పక్కనామె చూస్తుంది. తిట్టే మాటలు నాకు ఎప్పుడూ తక్కువ పడలేదు. ఈ మాటలకు మాత్రం నా దగ్గర ఏమీ లేదు.

తోడికోడలు ఇప్పుడు తన కూతురింట్లో ఉంటుంది. ఆ కూతురు నన్ను చూసి, పెద్దమ్మా అని చేతిలో సంచి అందుకొని, అమ్మ వసారాలో ఉందని చూపించింది. ఆమె నులక మంచం మీద కూర్చొని ఉంది. బాగా చిక్కిపోయింది. మంచినీళ్ళిచ్చారు. మోకాళ్ళ గురించి, వానల గురించి మాట్లాడుకున్నాం. నేను చేట అడిగి తెప్పించి కాయలు పోశాను. ఆమె చెయ్యి దానంతట అదే కాయ మీదికి పోయింది. బొటనవేలు కాయ మీద ఇంకా అప్పటిలాగే పడుతుంది.

పుస్తకం తీసి ఒక పద్యం చదివాను. ఆమె ఒలుస్తూ వింది. చివరి పాదం తిరిగి చెప్పలేదు. ఇంకొకటి చదివాను. చెప్పలేదు. అప్పుడు ఆ పేజీ తీశాను. గొంతు ఆగుతుందేమోనని గట్టిగా, నిదానంగా చదివాను. చేద దించిన చప్పుడే చేరె పైకి అని ఆపి, చూపు పుస్తకం మీదే పెట్టుకొని కూర్చున్నాను. కాయలు చిట్లే చప్పుడు ఆగింది. తలెత్తి చూస్తే ఆమె నా ముఖానికి ఎదురుగా నోరు తెరిచి ఉంది. పళ్ళు నాలుగైదు మిగిలాయి.

"సూస్కో అక్కా. ఏమన్నా ఉండాదా?"

"లేదు" అన్నాను. "ఆ పొద్దు గూడా లేదు. అనరాని మాట అన్నా."

ఆమె నోరు మూసింది. చేటలో గింజలు వేళ్ళతో ఒక పక్కకు లాగింది.

"ఇది చెప్పేదానికి ఇన్నేండ్లు పట్టిందా?"

"బస్సు ఊరికే పోనిస్తాండేది ఇప్పుడు గదా" అన్నాను.

నా నోటి నుంచి వచ్చింది అదే. ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. కోపగించుకోలేదు కూడా. చేటలోంచి ఒక గింజ తీసి, నా కళ్ళలోకి చూస్తూ నోట్లో వేసుకుంది. ఆ నాలుగు పళ్ళతో మెల్లగా, చప్పుడయ్యేటట్టు నమిలింది.

"ఇప్పుడు సదువు" అంది.

చదివాను. నోట్లో గింజతో ఆమె తిరిగి చెప్పలేదు, నేనూ ఆగలేదు. సాయంత్రం బస్సు వేళ వరకు చదివాను. రోజుకు రెండే అన్న లెక్క ఆ పూటకు పక్కన పెట్టాను. వచ్చేటప్పుడు ఒలిచిన గింజలన్నీ నా సంచిలోనే పోసి మూతి కట్టింది. ఇవి విత్తనానికి కాదు, తినేదానికి అని చెప్పింది. మళ్ళీ రమ్మని అనలేదు. వస్తానని నేనూ అనలేదు.

ఇప్పుడు ఆ గింజలు గూట్లో సీసాలో ఉన్నాయి. మధ్యాహ్నం ఎండ వాకిట్లోకి వాలినాక గడప మీద కూర్చొని ముందు ఒక గింజ నోట్లో వేసుకుంటాను. నా పళ్ళకు అది నలగడానికి చాలాసేపు పడుతుంది. నోట్లో గింజ ఉన్నంతసేపు చదవలేను కాబట్టి ఆ కాసేపు ఇంట్లో ఏ చప్పుడూ ఉండదు. మింగినాక పుస్తకం తీస్తాను. ఆ పేజీ వస్తే ఇప్పుడు దాటేయడం లేదు. చివరి పాదం చదివి కొంచెం ఆగుతాను. తర్వాత దాన్ని నేనే ఇంకోసారి అంటాను, అప్పట్లో తోడికోడలు ఎత్తుకున్నంత పైకి ఎత్తుకొని. అంత బాగా రాదు.