కాలరక్క కుట్టిన చొక్కా

కాలరక్క పని మానేస్తున్నానని చెప్పగానే ఆ లైన్‌లో మిషన్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. కరెంటు పోయినప్పుడు కూడా ఆ హాల్లో అంత నిశ్శబ్దం ఉండేది కాదు, కరెంటు పోతే అందరూ కబుర్లకి దిగుతారు కదా. కఫ్‌లు కుట్టే అమ్మాయి గుడ్డముక్క చేతిలో పట్టుకుని నోరెళ్లబెట్టింది. సూపర్‌వైజరమ్మ ముందసలు నమ్మనే లేదు.

“ఒంట్లో బాగాలేదా అక్కా? రెండు రోజులు సెలవు పెట్టుకో.”

“సెలవు కాదమ్మా. ఇక రాను. మా ఆయన కూడా రారు.”

“ఏం చేస్తారు మరి?”

“బతుకుతాం,” అంది కాలరక్క.

ఆమెకు అసలు పేరొకటి ఉండే ఉంటుంది గానీ ఆ చొక్కాల ఫ్యాక్టరీలో అది ఎవరికీ గుర్తులేదు. అక్కడ చొక్కా హాలుకి ఒక చివర గుడ్డగా బయల్దేరి, రెండో చివర పెట్టెలో పడుతుంది. మధ్యలో ఎవరి ముక్క వాళ్లది. ఒకరు జేబులు, ఒకరు కాజాలు, ఒకరు చేతులు. ఆమె వంతు కాలర్. కత్తిరించిన ముక్కలు కట్టలుగా వస్తాయి. ఆమె వాటిని కుట్టి, తిరగేసి, మూలలు పొడిచి, పక్క బుట్టలో వేస్తుంది. ఇరవై ఏళ్లుగా అదే పని. రోడ్డు మీద మగవాళ్లు ఎదురైతే ఆమె చూపు ముందు మెడ మీదికి పోయేది, ఆ తర్వాతే మొహం మీదికి. ఈ అలవాటు వల్ల ఒకసారి సొంత మరిదిని కూడా గుర్తుపట్టకుండా దాటిపోయింది.

ఆమె భర్త ఆ లైన్‌కి కొసన ఉండేవాడు. తయారైన చొక్కాని బల్ల మీద బోర్లా పరిచి, చేతులు వెనక్కి మడిచి, అట్ట పెట్టి, పెట్టెలో సర్దటం ఆయన పని. అందుకని ఆయన మడతలాయన. మెడా మడతా కలిసి కాపురం చేస్తున్నాయని అందరూ వేళాకోళమాడేవారు.

ఊరి చివర ఆయన పెద్దమ్మ ఇల్లొకటి ఖాళీగా ఉంది. రెండు గదులు, వెనక బావి, బావి చుట్టూ కొంచెం నేల. ఆ ఇంటిని పట్టుకుని ఆయన ఆమెకు అరచేతిలో వైకుంఠం చూపించాడు. సైరన్ ఉండదన్నాడు. కూరగాయలు మనమే పండించుకుందాం, కోళ్లు పెంచుకుందాం, నువ్వు చుట్టుపక్కల వాళ్లకి చొక్కాలు కుట్టు, పాలవాడు పాలు పోస్తాడు, ధాన్యం ఉన్నవాడు ధాన్యం ఇస్తాడు, ఎవడి ముందూ తలకాయ వంచక్కర్లేదు అన్నాడు. దూరపు కొండలు నునుపని పెద్దలు ఊరికే అనలేదు గానీ, ఆ మాట ఆ రోజు ఇద్దరిలో ఒక్కరికీ తట్టలేదు.

“చేతిలో పనుంది, మనకి భయమేంటి?” అంది కాలరక్క. ఆ ధైర్యంతోనే వచ్చేసింది. గేటు దాకా సాగనంపిన సూపర్‌వైజరమ్మ మాత్రం చెయ్యి పట్టుకుని, “ఈ నెలాఖరు దాకా నీ సీట్లో ఎవర్నీ కూర్చోబెట్టనక్కా. మనసు మారితే వచ్చెయ్యి,” అంది. కాలరక్క నవ్వేసింది.

కొత్త ఇల్లు మొదట్లో బాగానే ఉంది. తలుపు సరిగ్గా పడదు, వంటింటి కిటికీలో కోడి కాపురం పెట్టింది, బావి గిలక కీచుమంటే పక్క వీధికి వినపడుతుంది. అయినా చిక్కుడు పాదు నాలుగు ఆకులు వెయ్యగానే మడతలాయన రోజుకి నాలుగుసార్లు దాని ముందు గొంతుకూర్చునేవాడు. కుట్టుమిషన్ని ముందు గదిలో వెలుతురు పడేచోట పెట్టాడు. ఇక వీధిలో కనిపించిన వాళ్లందరికీ, “మా ఆవిడ చొక్కాలు కుడుతుందండీ, ఇరవై ఏళ్ల అనుభవం,” అని చాటింపు వేశాడు. ఆమె కాదనలేదు. కాదనాలని ఆమెకు తోచలేదు కూడా. చొక్కాల ఫ్యాక్టరీలో పనిచేసిన మనిషికి చొక్కా కుట్టటం వచ్చా రాదా అని ఎవరు అనుమానిస్తారు చెప్పండి?

మొదటి బేరం పాలాయనది. పక్కింట్లోనే ఉంటాడు, రెండు ఆవులు, అరవై దాటిన మనిషి. వీళ్లు దిగిన రోజు నుంచీ అడగకుండానే ఓ గిన్నెడు పాలు గోడ మీద పెడుతున్నాడు. ఆ రోజు చంకలో కాగితం పొట్లంతో వచ్చాడు. విప్పితే నీలం చారల గుడ్డ. పైవైపు చారలు నిగనిగలాడుతున్నాయి, లోపలివైపు వెలిసినట్టున్నాయి.

“మా ఆవిడ కొందమ్మా. కుట్టించుకో, కుట్టించుకో అని పోరింది. నేను రేపు, ఎల్లుండి అంటూ ఉండగానే తను వెళ్లిపోయింది. ఎవరికో తెలియనివాళ్లకి ఇవ్వబుద్ధి కాలేదు. నువ్వు పక్కనే ఉన్నావు కదా.”

“పొడుగు చేతులేనా బాబాయ్?”

“పొడుగు చేతులే. పొట్టి చేతులు నా జన్మలో వేసుకోలేదు.”

మర్నాడు పొద్దున్నే గది తుడిచి, గుడ్డ నేల మీద పరిచి, దాని మీద భర్త మంచి చొక్కా పెట్టి సుద్దతో గీత గీసింది. కత్తెర పట్టుకుంది. గుడ్డని కత్తిరించటం ఆమెకిదే మొదలు. ఇరవై ఏళ్లుగా కట్టలు కట్టి ఒళ్లో పడుతూ ఉంటే, వాటిని ఎవరో కత్తిరిస్తున్నారన్న సంగతే మరిచిపోయింది. కత్తెర రెండుసార్లు జారింది. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, కత్తెర మొద్దని తిట్టుకుని మళ్లీ మొదలుపెట్టింది.

ముందు భాగాలకి గుడ్డని రెండు మడతలు వేసి కత్తిరించింది, కాబట్టి అవి కుడీ ఎడమా సరిగ్గానే వచ్చాయి. వీపు కూడా వచ్చింది. చేతుల దగ్గరికి వచ్చేసరికి మిగిలిన గుడ్డ మడతకి చాలేలా లేదు. ఒకటి కత్తిరించి, దాన్నే ఆనవాలుగా పెట్టి రెండోది కత్తిరించింది. తర్వాత కుట్టింది. చంకల దగ్గర కొంచెం ముడతలొచ్చినా నీళ్లు చల్లి నొక్కితే పోతాయనుకుంది. కాలర్ కడపటికి ఉంచుకుంది. అది కుడుతుంటే చేతులు వాటంతటవే పరిగెత్తాయి, రెండు మూలలూ సూదిమొనల్లా లేచాయి. ఆమెకు ప్రాణం లేచొచ్చింది.

“ఏమండీ, వచ్చి మడత పెట్టండి,” అని కేకేసింది.

ఆయన మట్టిచేతులు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, పెళ్లికొడుకులా వచ్చాడు. చొక్కాని బోర్లా పరిచాడు. ఎడమ చెయ్యి వెనక్కి మడిచాడు. కుడి చెయ్యి అందుకుని మడవబోయి ఆగిపోయాడు. మళ్లీ విప్పాడు. మళ్లీ మడిచాడు.

“ఇదేమిటే?”

“ఏమైంది?”

“రెండూ ఎడమ చేతులే.”

“చాల్లెండి మీ వేళాకోళం.”

“వేళాకోళం కాదు, చూడు. కఫ్ దగ్గర చీలిక చూడు. ఈ చేతికి వెనకుంది. ఆ చేతికి ముందుకొచ్చింది. చెయ్యి ఎలా మెలితిరిగిందో చూడు.”

ఆమె చూసింది. చేతులకి కుడి, ఎడమ వేరువేరుగా ఉంటాయని ఆమెకు తెలియక కాదు, లోకంలో ఎవరికి తెలియదు! కానీ కాలర్‌కి కుడీ ఎడమా లేవు. అటు తిప్పినా ఇటు తిప్పినా ఒకటే. ఇరవై ఏళ్లు ఆమె చేతులు ఒక్కసారైనా ఆ లెక్క చూసుకోవాల్సిన అవసరం పడలేదు. గుడ్డని తిరగెయ్యకుండా ఒకే వైపు పెట్టి రెండు చేతులూ కత్తిరించేసింది. ఇంకో పొడుగు చెయ్యికి గుడ్డ లేదు. ఆ గుడ్డ కొన్న మనిషీ లేదు.

మడతలాయన గడప మీద కూలబడ్డాడు.

“అంటే నీకు చొక్కా కుట్టటం రాదా?”

ఆమె కఫ్ చీలికని వేలితో అటూ ఇటూ తిప్పింది.

“ఇన్నేళ్లు కాపురం చేశాను, నాకీ సంగతి తెలియదేమిటే!”

“నాకు మాత్రం ఎక్కడ తెలుసు? ఇవాళే తెలిసింది.”

“నీ చేతిపని చూసుకుని కదా ఉద్యోగం వదిలేశాను!”

“ఊరంతా చాటింది మీరు!”

“నువ్వు కాదనలేదే!”

అరుచుకున్నంతసేపు అరుచుకుని ఇద్దరూ చెరో గోడకీ ఆనుకుని కూర్చున్నారు. కిటికీలో కోడి వాళ్లని మార్చి మార్చి చూసింది. చివరికి ఆయన, నేలకేసి చూస్తూ, “నెలాఖరు ఇంకా రాలేదు. నీ సీటు ఖాళీగానే ఉంటుంది. వెళ్లిపోదామా?” అన్నాడు.

నిజం చెప్పాలంటే ఆమెకు ఆ క్షణాన వెళ్లిపోవాలనే అనిపించింది. అక్కడ కట్టలు వాటంతటవే వస్తాయి, చేతులు వాటంతటవే ఆడతాయి, తప్పు చేసే వీలే లేదు. కానీ ఆ ఆలోచన మీదే ఆమెకు కోపం వచ్చింది. మెడ దగ్గర కట్టేసి కూర్చోబెడితే ఇరవై ఏళ్లు కూర్చుంది. పక్క మిషన్ మీద చెయ్యెలా కుడుతున్నారో తల తిప్పి ఒక్కసారి చూస్తే సరిపోయేది. చూడనివ్వలేదు వాళ్లు, చూడాలని తనూ అనుకోలేదు. ఎవరి మీద ఎక్కువ కోపమో తేల్చుకోలేక ఆమెకు ఏడుపొచ్చింది.

లేచి, భర్త మంచి చొక్కా తీసుకుని, మిషన్ సొరుగులోంచి బ్లేడు తీసి కుట్లు విప్పటం మొదలుపెట్టింది. భుజం, చంక, పక్క, కఫ్. బావి దగ్గరికెళ్లిన మడతలాయన నీళ్ల బిందెతో వచ్చేసరికి చొక్కా లేదు. నేల నిండా ముక్కలున్నాయి, మధ్యలో ఆమె కూర్చుని ఉంది.

“నా చొక్కా!” బిందె దాదాపు జారిపోయింది. “మతిపోయిందా నీకు?”

“చొక్కా అంటే ఇన్ని ముక్కలండీ. ఎప్పుడైనా చూశారా?”

ఆయన చూడలేదు. ఆయన దగ్గరికి ఎప్పుడూ అతికిన చొక్కానే వచ్చింది. బిందె దించి ఆ ముక్కల చుట్టూ ఒకసారి తిరిగాడు. మంచి చొక్కా అదొక్కటే. ఏం అనుకున్నాడో ఏమో, ఒంటి మీదున్న చొక్కా విప్పి ఆ ముక్కల పక్కనే పరిచాడు.

“ఇది విప్పకు. ఇది చూసుకుంటూ అది కుట్టు.”

రెండు చేతులూ రెండు వైపులకి వచ్చేదాకా ఆమె కుట్టింది, విప్పింది, మళ్లీ కుట్టింది. మధ్యలో మడతలాయన అటూ ఇటూ తిరుగుతూ, చెయ్యి మడిచి చూసి, “ఊహూ, ఇంకా తిరగలేదు,” అనేవాడు. చివరికి ఒక భుజం కొంచెం దిగినా చొక్కా చొక్కాలా నిలబడింది. ఆమె దాన్ని చూసి ఆనందపడలేదు. “సూపర్‌వైజరమ్మకి ఫోన్ చేసి, నా సీట్లో ఎవరినైనా కూర్చోబెట్టుకోమని చెప్పండి,” అంది. అవతలి నుంచి సూపర్‌వైజరమ్మ కేక గదంతా వినపడింది.

తర్వాత ఆ నీలం చారల చొక్కా తీసుకుని పక్కింటికి వెళ్లింది. పాలాయన పాల క్యాన్లు కడుగుతున్నాడు. చొక్కా చూడగానే మొహం విప్పారింది. ఆమె దాన్ని విప్పి, రెండు చేతులూ పట్టుకుని, ఏం జరిగిందో చెప్పింది. ఆయనకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతిలో క్యాన్ కింద పడింది.

“మీ ఆయన ఇరవై ఏళ్ల అనుభవమన్నాడే!”

“ఉంది బాబాయ్. అదంతా కాలర్లు కుట్టటంలో. చొక్కా కుట్టటం నాకు రాదు. ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నాను.”

అంతవరకూ ఎవరి మీదా గొంతెత్తని మనిషి ఆ రోజు ఎత్తాడు. రానప్పుడు రాదని చెప్పటానికేం నొప్పి అన్నాడు. దాచుకున్నది తెచ్చి నీ చేతిలో పెడితే నాశనం చేశావన్నాడు. ఆవిడ బతికుంటే నిన్ను గుమ్మం తొక్కనిచ్చేది కాదన్నాడు. కాలరక్క తల దించుకోలేదు, ఎదురూ చెప్పలేదు. అన్నీ నిజమే. ఆయన ఆయాసం తీర్చుకోవటానికి ఆగినప్పుడు మాత్రం నెమ్మదిగా చెప్పింది, “మిగిలిన పీలికల్లో ఒక పొట్టి చెయ్యికి సరిపడా గుడ్డుంది. ఎడమ చెయ్యిని కూడా దానికి సమంగా కత్తిరిస్తే పొట్టి చేతుల చొక్కా వస్తుంది. మీకు ఇష్టం లేదని తెలుసు. వద్దంటే ఇలాగే ఇచ్చేస్తాను.”

పాలాయన చొక్కా లాక్కున్నాడు. అరుగు మీద కూర్చుని ఒళ్లో పెట్టుకున్నాడు. చారల మీద మళ్లీ తడిచెయ్యి ఆనకుండా, కళ్లతోనే పైనుంచి కిందికి చూశాడు. ఆవులు మేత కోసం అరుస్తున్నా లేవలేదు. ఆమె వెళ్లిపోదామనుకుని రెండడుగులు వేసింది.

“ఇదిగో అమ్మాయ్. అసలు నా కొలతలు తీసుకున్నావా?”

ఆమె ఆగిపోయింది. తీసుకోలేదు. ఆయన మెడ చూసి తన భర్త సైజే అనుకుంది, అంతే. ఫ్యాక్టరీకి సైజులొస్తాయి, మనుషులు రారు. ఆ సంగతి కూడా ఆమెకు ఇప్పుడే తెలిసింది.

“లేదు బాబాయ్.”

పాలాయన ఆమెను నమ్మలేనట్టు చూశాడు. లేచి, దూడని కట్టే తాడు కొక్కెం మీద నుంచి తీసి ఆమె చేతికిచ్చాడు. భుజం మీది తువ్వాలుతో చెయ్యి తుడుచుకుని, బారుగా ఆమె ముందుకి చాపాడు.

“కొలుచుకో. ఇదమ్మా, కుడి చెయ్యి.”