రేపు మాస్టరు గది వెతికిన రోజు

పొద్దున్నే షాపు షట్టరు సగమే లేపి, ఆ సందులోంచి వంగి లోపలికి దూరడం ఆయన అలవాటు. మొత్తం లేపితే ఎవరో ఒకరు వచ్చి తమ బట్టల సంగతి అడుగుతారని భయం. లోపల కుట్టుమిషను తుడిచి, రెండు చుక్కల నూనె వేసి, కళ్లు మూసుకుని దేవుణ్ణి తలుచుకునేవాడు. ఆ తరువాత చేసే మొదటి పని మాత్రం తనది కాదు. పక్క కొట్లో బొంతలు కుట్టే అవ్వకు చూపు ఆనదు. ఆమె కోసం గుప్పెడు సూదులకు దారం ఎక్కించి, గుడ్డపేలికకు వరసగా గుచ్చి, ఆమె తలుపు గడియకు తగిలించి వచ్చేవాడు. చేయమని ఆమె ఏనాడూ అడగలేదు. చేస్తున్నానని ఆయనా ఎవరితో అనలేదు.

ఊళ్లో ఆయన అసలు పేరు చెబితే పక్కవీధివాళ్లు కూడా తెల్లమొహం వేస్తారు. ‘రేపు మాస్టరు’ అంటే మాత్రం చిన్నపిల్లలు సైతం వేలు పెట్టి చూపిస్తారు. ఎవరు ఏ బట్ట గురించి అడిగినా ఆయన నోటి నుంచి వచ్చే జవాబు ఒక్కటే మరి: రేపు. గురువారం ఇస్తానన్నాడంటే శనివారమని అందరూ అర్థం చేసుకునేవారు. శనివారం కావలసినవాళ్లు ఆ లెక్కన ముందే గురువారానికి కావాలని అబద్ధమాడేవారు. అది అబద్ధమని ఆయనకూ తెలుసు. అయినా ఎవరి పెళ్లీ చొక్కా లేక ఆగలేదు, ఎవరి మనసూ మరీ విరిగిపోలేదు. వచ్చినవాళ్లు కాసేపు తిడతారు, ఆయన తల వంచుకుని నవ్వుతాడు, తిట్లు అయ్యేసరికి ఆఖరి గుండీ కూడా కుట్టేస్తాడు.

“చొక్కా లోపల కుట్టు పక్కన కాస్త గుడ్డ వదులుతాం చూడు, రేపు ఒళ్లు చేస్తే విప్పుకోవడానికి. మాటా అంతే. లోపల కాస్త వదలని మాట మనిషికి బిగుతైపోతుంది” అనేవాడు భార్యతో. ఆమె ఆసుపత్రి వంటగదిలో పనిచేస్తుంది. రోగులకు గంట కొట్టేసరికి గంజి అందాలి. అందుకే ఆమె ఈ మాటకు ఎప్పుడూ తల ఊపలేదు.

వాళ్లకు ఒక్కగానొక్క కూతురు. నడక రానినాడే నాన్న సుద్దముక్క పట్టుకుని చింపిగుడ్డల మీద ఇళ్లూ మెట్లూ గీసిన పిల్ల. ఇప్పుడు కట్టడాల నమూనాలు గీసే చదువు కోసం పెద్ద పట్నంలోని యూనివర్సిటీ వాళ్లు పిలిచారు. రెండు రోజులపాటు ఎదురుగా కూర్చోబెట్టి గీయిస్తారట, ప్రశ్నలడుగుతారట. పిలిచినవాళ్లు చాలామంది, తీసుకునేది కొద్దిమందినే. పొద్దున్నే మొదటి గంట కొట్టాక గేటు మూసేస్తారు, తరువాత ఎవరొచ్చినా తీయరు. అందుకని దగ్గర్లోనే ఎక్కడో ఒకచోట ఉండాలి.

యూనివర్సిటీ వెనక సందులో తమ స్తోమతకు అందే లాడ్జి ఒకటుందని అమ్మాయే కనుక్కుంది. మాస్టరు ఫోన్ చేశాడు. అవతల గుమాస్తా మర్యాదగానే చెప్పాడు. గది ఉంది, రెండు మంచాలు, పేరు రాసుకున్నాం, కాకపోతే పరీక్షల వారం కాబట్టి మధ్యాహ్నం పన్నెండు లోపల వచ్చేయాలి, దాటితే ఇంకొకరికి ఇచ్చేస్తాం అని. మాస్టరు సరేనని ఫోన్ పెట్టేసి, “పన్నెండన్నాడు. అంటే మూడింటిదాకా చూస్తాడు” అన్నాడు.

“వాళ్లు దర్జీలు కారండీ. పన్నెండంటే పన్నెండే” అంది భార్య. ఆమెకు సెలవు దొరకలేదు. బయలుదేరే రోజు పొద్దున్న డ్యూటీకి వెళుతూ కూడా గుమ్మం దగ్గర ఆగి అదే మాట ఇంకోసారి చెప్పింది.

మొదటి బస్సుకు వెళ్లివుంటే ఈ కథే లేదు. ఆ పొద్దున ఒకాయన కోటు ఇంకా అవలేదు. ఆ రోజే కొత్త ఉద్యోగంలో చేరాల్సిన మనిషి, షాపు మధ్యలో బనియనుతో నిలబడి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక భుజాలు పట్టుకుని చూస్తున్నాడు. పాపం, ఆ మొహం చూసి కాజాలు సగంలో వదిలేసి ఎలా లేస్తాడు? అమ్మాయి నమూనాలు గీసే గీతపలక చంకలో పెట్టుకుని బస్టాండు నుంచి వెనక్కి వచ్చింది.

“బస్సు వెళ్లిపోయింది నాన్నా.”

“ఇంకోటి వస్తుందిలే తల్లీ. ఈయన్ని పంపించేద్దాం.”

“నీ రేపు ఈరోజు నాకు తగిలిందన్నమాట” అని నవ్వేసి స్టూలు మీద కూర్చుంది. ఆమె కళ్లు అప్పటికే కాస్త ఎర్రగా ఉన్నాయి. రాత్రి సరిగ్గా నిద్రపోలేదేమో అనుకున్నాడు. బస్సులో ఆమె తల ఆయన భుజం మీద వాలింది. నుదురు వెచ్చగా తగిలింది. కిటికీలోంచి ఎండ పడుతోంది కదా అని సర్దిచెప్పుకున్నాడు.

లాడ్జికి చేరేసరికి పొద్దు వాలుతోంది. బల్ల వెనక మందపాటి కళ్లద్దాల గుమాస్తా, గోడకు మేకులు, మేకుల కింద తాళంచెవులు వేలాడిన మచ్చలు. ఒక్క తాళంచెవీ లేదు.

గది ఒంటిగంటకే ఇచ్చేశామని చెప్పాడు గుమాస్తా. ఎంతోమంది వచ్చి నిలబడ్డారని, అయినా మీకోసం గంటసేపు ఆపానని, ఫోన్ చేస్తే ఎత్తలేదని, ఇలా చేస్తే మాకు మాటొస్తుందని కాస్త గట్టిగానే మందలించాడు. మాస్టరు తల వంచుకుని నవ్వుతూ నిలబడ్డాడు. ఆయనకు అలవాటైన దారి అది. తిట్లు అయ్యాక లోపల్నుంచి వస్తువు రావాలి. గుమాస్తా సొరుగు లాగి ఇప్పుడో ఇంకాసేపటికో తాళంచెవి తీస్తాడని చూస్తూ ఉన్నాడు. గుమాస్తా మందలింపు ముగించి, కళ్లద్దాలు తుడుచుకుని, తన పనిలో పడిపోయాడు.

“నాన్నా,” అమ్మాయి మెల్లిగా చొక్కా చెయ్యి లాగింది, “ఆయన నిజంగానే చెబుతున్నాడు.”

అప్పుడు ఆయన నవ్వు మాని సంచి చేతిలోకి తీసుకున్నాడు.

బయటికొచ్చి కాలుగాలిన పిల్లిలా తిరగడం మొదలుపెట్టారు. ముందు ఆయన, చేతిలో సంచి. వెనక అమ్మాయి, చంకలో గీతపలక, భుజాన కాగితాల గొట్టం. యూనివర్సిటీ గేటుకు ఎదురుగా అద్దాల హోటలు ఒకటి. తలుపు తీసిన మనిషి వీళ్ల సంచి చూసి కూడా మొహం మార్చలేదు, నమస్కారం పెట్టి లోపలికి పంపాడు. లోపలి ఆమె చెప్పిన ఒక రాత్రి అద్దె విని మాస్టరు మంచినీళ్లు అడిగి, తాగి, బయటికి వచ్చాడు. తలుపు దగ్గరి మనిషి గొంతు తగ్గించి, “రెండో సందులో డార్మెటరీ ఉంది, చవక” అని చెప్పాడు.

డార్మెటరీలో మంచం నిజంగానే చవక. వరసగా ఇనప మంచాలు, ఖాళీవే. కానీ మగవాళ్లకు మాత్రమే. “మీరు పడుకోండి, అమ్మాయికి చూసుకోండి” అన్నాడు అక్కడి మనిషి, అదేదో సులువైన సంగతి అన్నట్టు. మాస్టరు ఆ ఖాళీ మంచాలనే చూశాడు. ఆకలితో ఉన్నవాడికి కిటికీలోంచి అన్నం చూపించినట్టుంది.

తరువాతి లాడ్జిలో గది ఉంది, అద్దె కూడా భరించగలిగిందే. కానీ అక్కడి యజమాని అమ్మాయిని ఒకసారి, ఆయన్ని ఒకసారి చూసి, వెంట ఆడవాళ్లెవరూ లేరా అన్నాడు. కూతురండీ అంటే, అందరూ అలాగే చెబుతారు పెద్దాయనా అన్నాడు. అమ్మాయికి కోపం వచ్చి నోరు తెరిచింది గానీ దగ్గు అడ్డొచ్చింది. ఆ దగ్గు మెట్లు దిగేదాకా ఆగలేదు.

ఆడపిల్లల హాస్టల్లో వార్డెనమ్మ మంచిది. అతిథుల గది నిండిపోయిందని, వరండాలో కూడా చాపలు పరిచామని తీసుకెళ్లి చూపించింది. అమ్మాయి మొహం చూసి చెయ్యి పట్టుకుని, “జ్వరముందే పిల్లా” అంది. కుర్చీ వేసి కూర్చోబెట్టింది, టీ తెప్పించింది. ఇంతమంది పరీక్ష పిల్లల మధ్య జ్వరమున్న పిల్లను పెట్టుకోలేనని చెప్పేటప్పుడు మాత్రం కళ్లెత్తలేదు. మాస్టరు ఆమెను ఏమనగలడు? ఆమె టీ ఇచ్చిన చెయ్యినే తలుచుకున్నాడు.

మందుల షాపతను మాత్రలిచ్చి, ఒకటి ఇక్కడే వేయించండని నీళ్ల సీసా మూత తీసి అందించాడు. ఈ రాత్రి కదలకుండా పడుకుంటే పొద్దుటికి తేలికపడుతుంది, లేకపోతే చెయ్యి వణుకుతుంది అన్నాడు. గీతలు గీసే చెయ్యి. మాస్టరుకు ఆ మాట సూదిలా దిగింది. దూరపు లాడ్జీలకు వెళితే రెండు బస్సులు మారాలి, మొదటి గంటకు గేటు దగ్గర ఉండగలమో లేదో చెప్పలేం. ఇక్కడేమో తల దాచుకునే చోటు లేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

యూనివర్సిటీ గోడ పొడవునా వీధి దీపాలు అప్పుడే వెలిగాయి. గోడకు ఆనుకున్న అరుగు మీద కూతుర్ని కూర్చోబెట్టి, ఆయన ఎదురుగా నిలబడ్డాడు. ఏం చెయ్యాలో తోచలేదు. దేవుణ్ణి తలుచుకుందామంటే అడగడానికి మొహం చెల్లలేదు. ఇంట్లోంచి భార్య ఫోన్ చేసింది. చేరాం, అంతా బాగానే ఉంది అన్నాడు. అమ్మాయి కళ్లు తెరిచి ఆయన్ను చూసి మళ్లీ మూసుకుంది.

“నన్ను తిట్టు తల్లీ” అన్నాడు చివరికి.

“ఓపిక లేదు నాన్నా” అంది ఆమె, కళ్లు మూసుకునే. “రేపు తిడతాను.”

ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వు ఆగాక ఆయన పక్కకు తిరిగి తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

ఇంకెక్కడికీ పోలేక మళ్లీ మొదటి లాడ్జికే వెళ్లారు. గుమాస్తా ఈసారి మందలించలేదు. ఫ్యాను కింద బెంచీ మీదున్న తన సంచి తీసేసి అమ్మాయికి చోటిచ్చాడు. తన శాలువా మడిచి తల కింద పెట్టమన్నాడు. బల్ల మూసే వేళకు హాలు ఖాళీ చేయించాలని, యజమాని వచ్చి చూస్తాడని, అప్పటిదాకా ఎవరూ లేపరని చెప్పాడు. కాసేపు తటపటాయించి మాస్టరును పక్కకు పిలిచాడు.

“మీ గదిలో దిగింది ఒకావిడ. వాళ్లమ్మాయిని తీసుకొచ్చింది, అదే పరీక్షకు. రెండు మంచాల మధ్య చాప పట్టేంత చోటుంది. ఒకసారి గది ఇచ్చాక నేను అడగకూడదు. మీరడిగితే మాత్రం నేను చూడలేదు, వినలేదు.”

మాస్టరు మెట్ల దగ్గరికి వెళ్లి ఆగాడు. బతుకంతా ఆయన్ను జనం అడిగారు. మాస్టారూ తొందరగా కావాలి, మాస్టారూ ఈ ఒక్కసారికి. ఆయన ఎవరినీ ఇలా అడిగి ఎరగడు. పైగా అడగబోయేది ఎవరిని? తన కూతురితో అదే సీటుకు పోటీపడే పిల్ల తల్లిని. జ్వరం సంగతి చెప్పకపోతే ఆమె ఒప్పుకోవచ్చు. మందు వేసుకుంది, ఇప్పుడు దగ్గు కూడా లేదు, చీకట్లో ఎవరికి తెలుస్తుంది? వార్డెనమ్మలాంటి మంచి మనిషే జ్వరమనగానే తల దించుకుంది. ఈ ఆలోచనతోనే మెట్లెక్కాడు. పై మెట్టు మీద నిలబడి ఊపిరి తీసుకుంటూ ఉండగా లోపల ఆ పిల్ల ఏదో పాఠం మెల్లిగా పైకి చదువుకోవడం వినిపించింది. ఎవరి కూతురైనా కూతురే కదా అనిపించింది.

తలుపు తట్టాడు. ఒకావిడ తలుపు సగం తీసింది. తన భార్య వయసే ఉంటుంది, ప్రయాణపు బడలికతో మొహం వాడిపోయి ఉంది. ఆమె భుజం మీదుగా కిటికీ కింద ఒక మంచం, గోడ పక్కన ఒక మంచం, మధ్యలో కాస్త నేల కనిపించాయి. ఎవరు కావాలని అడిగింది.

మాస్టరు రెండు చేతులూ జోడించాడు.

“అమ్మా, నేను దర్జీని. ఈ గదికి మధ్యాహ్నంలోగా రావాల్సినవాణ్ణి, రాలేదు. తప్పు నాదే. కింద బెంచీ మీద నా కూతురుంది, రేపు మీ పాపతోపాటు అదీ పరీక్ష రాయాలి. దానికి జ్వరముందమ్మా. ముందే చెబుతున్నాను, తరువాత తెలిసి మీరు బాధపడకూడదు. ఈ ఒక్క రాత్రికి తలుపు పక్కన, మీ పాపకు ఎడంగా, చాప వేసి పడుకోనిస్తారా? నేను కిందే, వీధిలోనే ఉంటాను. మీరు వద్దన్నా కోపం తెచ్చుకోను. కానీ అడగకుండా కిందికి దిగలేకపోయాను.”